నాలుగో చీల

తప్పు అనేది జరిగిన రోజున నేరం, మర్నాటికి నష్టం. అదే తప్పు యాభై ఏళ్ళపాటు చెక్కుచెదరకుండా నిలవుంటే దాన్ని ‘భేదం’ అంటారు. అప్పుడు దానికి ముఖమల్ గుడ్డ పరిచిన అద్దాల పెట్టె, ఒక క్రమసంఖ్య, చుట్టూ మెడలు చాచి చూసే పెద్దమనుషులు సమకూరతారు. ఈ పరిణామ సూత్రాన్ని మిగతా ప్రపంచం గుర్తించిందో లేదో నాకు తెలియదు. మా హేజల్ ఫోర్క్‌లో మాత్రం దీనికి ఒక సంఘం, ఒక కమిటీ, పదకొండు రకాల ఫారాలు ఉన్నాయి.

పెన్సిల్వేనియా ఉత్తరపు కొండల్లోని ఈ ఊళ్ళో గార్‌బ్రాండ్ వారి కర్మాగారం తొంభై మూడేళ్ళపాటు మడత చాకులు చేసింది. పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో మూతపడింది. ఊళ్ళో సగం మంది పని వెతుక్కుంటూ వెళ్ళిపోయారు. మిగిలిన సగం మంది, ఊరు చేసి అమ్మిన చాకులనే తిరిగి కొనుక్కోవడం మొదలుపెట్టారు. ఆ విధంగా ‘గార్‌బ్రాండ్ చాకుల సేకర్తల సంఘం’ పుట్టింది. దానికి పద్నాలుగేళ్ళుగా నేను కార్యదర్శిని. (పోటీ లేకుండా ఎన్నికయ్యాను. రెండోసారి నుంచి ఎన్నిక కూడా లేకుండా.) ప్రతి నెలా మొదటి శుక్రవారం ఊరి అగ్నిమాపక దళం వారి ఫైర్‌హాల్లో చేప వేపుడు భోజనాలయ్యాక అదే బల్లల మీద మా సమావేశం జరుగుతుంది. నూనె మరక పడని తీర్మానం మా మినిట్స్ పుస్తకంలో ఒక్కటీ లేదు.

మా సంఘం పవిత్ర గ్రంథం పేరు ‘భేదాల పట్టీ’. నాలుగో ముద్రణ నాటికి అందులో ఆరువందల పదకొండు భేదాలున్నాయి. ముప్పై ఎనిమిదో నెంబరులో పిడి మీది డాలు గుర్తు తలకిందులుగా ఉంటుంది. నూట పన్నెండులో గార్‌బ్రాండ్ పేరులో ఒక అక్షరం లేదు. మూడువందల నలభైలో బ్లేడును గోటితో పట్టి తెరిచే గాడి అవతలి వైపు ఉంటుంది. అది ఎడమచేతి వాటం వాళ్ళ కోసం చేసిందా కాదా అన్న విషయమై రెండేళ్ళు చర్చ జరిగి, ఇద్దరు సభ్యులు ఇప్పటికీ మాట్లాడుకోవడం లేదు. ప్రతి భేదం పక్కనా ‘కనుగొన్నవారు’ అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో పేరు పడటమే మా వాళ్ళకు మోక్షం.

డ్వైట్ ప్లమ్మర్‌కు ఆ మోక్షం దక్కలేదు. ఇరవై ఏడేళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇరవై రెండేళ్ళుగా సభ్యుడు. సంతలో, గరాజు అమ్మకాల్లో, చచ్చిపోయినవాళ్ళ సామాను వేలాల్లో భూతద్దం పట్టుకుని ఆయన చూడని చాకు లేదు. ఆయనకు దొరికినవన్నీ నిక్షేపంలాంటి, ఏ దోషమూ లేని, అచ్చం ఉండాల్సినట్టే ఉన్న చాకులు. అంతకంటే దురదృష్టం మా లోకంలో లేదు. ఐదువందల ఏడో నెంబరును కనుగొన్నది మా కోశాధికారి గారి కుక్క. పెరట్లో తవ్వి తీసింది. డచెస్ అని దాని పేరు పట్టీలో అచ్చయి ఉంది. డ్వైట్ పేరు లేదు.

కిందటి ఏప్రిల్‌లో ఒక ఉదయం ఆయన బూట్లు తుడుచుకోకుండా నేరుగా మా వంటింట్లోకి వచ్చేశాడు.

“లైల్, లెక్కపెట్టు.”

“ఏమిటి?”

“చీలలు. పిడి మీద చీలలు లెక్కపెట్టవయ్యా బాబూ. నేను పొద్దుట్నించి లెక్కపెట్టి లెక్కపెట్టి నా కళ్ళ మీద నాకే నమ్మకం పోయింది.”

గార్‌బ్రాండ్ డెబ్భై ఒకటో నెంబరు మోడల్ చాకు. మూడు బ్లేడులు, గోధుమరంగు ఎముక పిడి. ఆ పిడిని లోపలి ఇత్తడి రేకుకు బిగించేందుకు మూడు చీలలుంటాయి. ఎప్పుడూ మూడే. నేను వేలు పెట్టి లెక్కపెట్టాను. నాలుగు.

“ఎక్కడిదిది?”

“మెథడిస్ట్ చర్చి నేలమాళిగలో పాత సామాను అమ్మకం. గుండీలు, కర్టెన్ కొక్కేలున్న డబ్బాలో పడుంది.” ఆయన గొంతు తగ్గించాడు. “ప్లమ్మర్ భేదం. ఎలా ఉంది చెవికి?”

బాగానే ఉందన్నాను. ఒకటో నెంబరు ఫారం ఇచ్చాను.

ఇక్కడ మా భేద నిర్ధారణ కమిటీ గురించి చెప్పాలి. ముగ్గురు సభ్యులు. ఇద్దరికి ఆవలింత తప్ప వేరే అభిప్రాయం లేదు కనుక అధ్యక్షుడి సంగతి చెబితే చాలు. డాక్టర్ గార్లండ్ త్రష్, రిటైరైన పళ్ళ డాక్టరు. చాకును ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో చిన్న అద్దం లోపలికి పెట్టి, “ఇంకొంచెం తెరువు, ఇంకొంచెం, ఆఁ, అంతే” అంటూ చూస్తారు. చాకు ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. పట్టీకి సంపాదకుడూ, నియమావళి రచయితా, ఆ నియమావళి అర్థం కానివాళ్ళకు వివరించే ఏకైక అధికారీ ఆయనే.

మే నెల సమావేశంలో డ్వైట్ చాకును ఆయన పావుగంట చూశారు.

“బాగుంది. చాలా బాగుంది. కానీ ఒక్కటే ఉంది.”

“ఒక్కటే ఉంది కాబట్టే గదా డాక్టర్ గారూ బాగుంది!”

“పదకొండో నియమం చదవలేదా డ్వైట్? ఒక్కటే ఉంటే అది ఏకాకి. ఎవడో గరాజులో కూర్చుని చేసిన దొంగ సరుకు కావచ్చు. రెండు నుంచి పన్నెండు దాకా ఉంటే భేదం. పన్నెండు దాటిందా, సామాన్యం. నువ్వు ఇంకోటి తీసుకురా.”

“పన్నెండు కంటే ఎక్కువ దొరికితే?”

“దొరక్కుండా చూసుకో.”

అందుచేత జూన్ మొదటి వారం మా ఊరి పత్రికలో నేను ఈ ప్రకటన వేయించాను: “నాలుగు చీలలున్న గార్‌బ్రాండ్ డెబ్భై ఒకటి ఎవరి దగ్గరైనా ఉంటే కార్యదర్శికి తెలియజేయగలరు. పన్నెండు మందికి మించి ఉన్నట్లయితే మిగిలినవారు దయచేసి మౌనం వహించగలరు.”

ఒక్క ఫోనే వచ్చింది.

“పేపర్లో వేసింది నువ్వేనా నాయనా? నేను వెర్నా హోల్మ్‌క్విస్ట్‌ని, మిల్లు వీధి. నా దగ్గరుంది అది. ఇప్పుడు దాంతోనే బీన్స్ కోస్తున్నా. అయ్యాక రా, కాఫీ పెడతాను.”

“చాకును కడగకండి, వెర్నా గారూ!” అని అరిచాను. మా వృత్తిలో మొదటి సూత్రం అది.

“అయ్యో, రోజూ కడుగుతూనే ఉంటాను కదయ్యా. లేకపోతే తుప్పు పట్టదూ?”

వెర్నాకు ఎనభై నాలుగేళ్ళు. సన్నగా, నిటారుగా, ఇస్త్రీ చేసిన ఏప్రన్‌తో తలుపు తీసింది. బల్ల మీద యాలకుల రొట్టె, కాఫీ, ఒక గిన్నెడు బీన్స్, వాటి పక్కన ఆ చాకు. డ్వైట్ ఆ చాకును చూసిన తీరుకు నాకే సిగ్గేసింది; పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ అలా చూడరు. పదునుపెట్టీ పెట్టీ పెద్ద బ్లేడు సగానికి అరిగిపోయింది. కానీ పిడి మీద నాలుగు చీలలు నక్షత్రాల్లా మెరుస్తున్నాయి.

“ఇవి ఎవరు చేశారో తెలిస్తే ఎంత బాగుండేదో,” అన్నాడు డ్వైట్ నిట్టూరుస్తూ.

“నేనే,” అంది వెర్నా. “ఇంకో ముక్క తీసుకో నాయనా, చిక్కిపోయావు.”

అప్పుడు చెప్పింది. పద్దెనిమిదో ఏట గార్‌బ్రాండ్‌లో చేరింది. చీలల బెంచీ మీద ఐదేళ్ళు. రంధ్రం వేయడం, చీల దించడం, తల చదును చేయడం. అరవై రెండులో, మార్చి నెలలో, డ్రిల్లు కింద చాకును పట్టుకునే బిగింపు అరిగిపోయి రంధ్రాలు పక్కకు పోతున్నాయి. మేస్త్రీ స్ట్రౌడ్‌కు మూడుసార్లు చెప్పింది.

“ఏమన్నాడు?” అన్నాన్నేను.

“ఆడలేక మద్దెల ఓడంది అన్నాడు. నడుపు, ఆర్డరు సోమవారానికి వెళ్ళాలి అన్నాడు. ఇరవై నాలుగు చాకులకు రంధ్రం వంకరగా పడింది. పారేయడం ఎందుకని, సరైన చోట ఇంకో రంధ్రం వేసి, వంకర రంధ్రం కనబడకుండా దాన్లోనూ ఓ చీల దించి చదును చేశాను. చూడు, ఎక్కడైనా తెలుస్తోందా?”

తెలియడం లేదు.

“స్ట్రౌడ్ లెక్కపెట్టాడు. అజాగ్రత్త అని కాగితం రాసి, నన్ను బెంచీ మీంచి తీసి ప్యాకింగు గదికి పంపాడు. అక్కడ ఇరవై ఆరేళ్ళు చాకుల్ని డబ్బాల్లో పెట్టాను. ఫ్యాక్టరీ మూసేదాకా.” ఆమె ఒక బీన్సు కాయ తొడిమ తుంచింది. “నా చేతికి ఆ పనంటే ఇష్టం. అంతే. ఈ ఒక్కటి మాత్రం ఏప్రన్ జేబులో వేసుకుని వచ్చేశాను.”

ఆ కాగితం కూడా ఉంది. బిస్కెట్ల డబ్బాలోంచి తీసి చూపించింది. అరవై ఒక్క ఏళ్ళుగా మడతల్లో ఉన్నా చినగలేదు. కింద ‘కార్మికుని సంతకం’ అన్నచోట ఖాళీగా ఉంది.

“పెట్టలేదా?” అన్నాడు డ్వైట్.

“చేయని దానికి ఎందుకు పెడతాను?”

జులై సమావేశానికి ఆమెను తీసుకెళ్ళాం. సంఘం చరిత్రలో మొదటిసారిగా, చాకు చేసిన మనిషి చాకుల సమావేశానికి వచ్చింది. సభ్యులందరికీ కాస్త ఇబ్బందిగానే అనిపించింది. (జూలో నడుస్తూ సింహం మాట వింటే ఎలా ఉంటుంది?)

డాక్టర్ త్రష్ మర్యాదగా లేచి కుర్చీ చూపించి, ఆరో నియమం చదివి వినిపించారు. దాని ప్రకారం, ఒక చాకు విషయంలో దాన్ని తయారుచేసిన వ్యక్తి మాట సాక్ష్యంగా చెల్లదు. వారికి ఆ చాకుతో సంబంధం ఉన్నందువల్ల.

“మరి ఎవరి మాట చెల్లుతుంది బాబూ?” అంది వెర్నా.

“నిపుణులది. మీరు ఈ విషయంలో ఏమైనా చదివారా?”

“చదవలేదు. చేశాను.”

“చేయడం వేరు, గుర్తించడం వేరు మేడమ్. ఇది మీరే చేశారని ఎలా గుర్తిస్తారు?”

ఆమె కళ్ళు మూసుకుంది. బొటనవేలితో పిడి మీది చీల తలలు తడిమింది. “ఇది నాది.” బల్ల మీద ప్రదర్శనకు పెట్టిన చాకులు వరసగా తీసుకోవడం మొదలుపెట్టింది. “ఇది మేబెల్ చేసింది, తల కాస్త ఎత్తుగా వదిలేస్తుంది. ఇది నాదే. ఇది సాయంత్రం షిఫ్టుది, వాళ్ళకు ఇంటికి వెళ్ళే తొందర.” తర్వాత మూడువందల నలభయ్యో నెంబరు ఆమె చేతిలోకి వచ్చింది. “ఇదేమిటి, గాడి అవతల పడింది? రేకు తిరగేసి పెట్టుంటారు ప్రెస్సులో. బేస్‌బాల్ ఆట రేడియోలో వస్తుంటే మావాళ్ళకు చేతులుండేవి గానీ కళ్ళుండేవి కావు.”

ఏళ్ళుగా మాట్లాడుకోని ఆ ఇద్దరు సభ్యులూ ఒకేసారి లేచి, ఒకే మాట మీద, ఒకే గొంతుతో అభ్యంతరం చెప్పారు. వాళ్ళు ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు.

మాట చెల్లదు గనుక, కాగితం బయటికి తీయాల్సి వచ్చింది. కాగితం అనగానే కమిటీ ముఖాలు వెలిగాయి. ఆవలించే సభ్యులిద్దరూ కూడా నోరు మూసుకున్నారు. డాక్టర్ గారు పట్టకారుతో పట్టుకుని చదివారు.

“వి. హోల్మ్‌క్విస్ట్, చీలల బెంచీ. అజాగ్రత్త. డెబ్భై ఒకటో నెంబరు, ఇరవై నాలుగు చాకులు నాలుగో చీలతో పాడుచేయడమైనది. ఇరవై నాలుగూ కరిగించడమైనది. స్ట్రౌడ్.” తల ఎత్తారు. “ఇరవై నాలుగూ కరిగించారట.”

“అవునండీ,” అన్నాడు డ్వైట్.

“అంటే పత్రం ప్రకారం ఈ రెండు చాకులూ లేవు.”

“ఉన్నాయి గదా డాక్టర్ గారూ! మీ ముందే ఉన్నాయి!”

“ఉన్నాయి, కాదనడం లేదు. పత్రం ప్రకారం లేవు అంటున్నాను.”

ఉన్నవి లేకపోవడం గురించి ఇరవై నిమిషాలు చర్చ జరిగింది. చివరికి, ఒకటి వెర్నా ఏప్రన్‌లో వచ్చింది సరే, రెండోది ఎలా బతికిందో తేల్చమన్నారు. నేను అక్కడికక్కడే చర్చి వాళ్ళకు ఫోన్ చేశాను. ఆ గుండీల డబ్బా ఎవరిచ్చారో వాళ్ళు పుస్తకం చూసి చెప్పారు. మేస్త్రీ స్ట్రౌడ్ గారి కూతురు. నాన్న చనిపోయేదాకా కోటు జేబులో ఉండేదట ఆ చాకు. ఇంకోటి ముట్టుకునేవాడు కాదట.

ఆ మాట నేను పైకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. వెర్నా బల్ల మీంచి ఆ రెండో చాకును తీసి చూసింది. తర్వాత తలాడించింది.

“వాడి తెలివి వాడికుంది. పిడి వదులవ్వదు మరి, నాలుగు చీలలు!”

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఇక మిగిలింది పంతొమ్మిదో నియమం. భేదం అనిపించుకోవాలంటే అది మనిషి చేతి తప్పు అయి ఉండాలి. యంత్రం తప్పయితే దాన్ని ‘లోపం’ అంటారు; లోపానికి నెంబరు ఉండదు, గడి ఉండదు, ముఖమల్ గుడ్డ ఉండదు. (మనిషి తప్పుకు విలువ ఉన్న చోటు భూమి మీద ఇదొక్కటే అని మేం గర్వంగా చెప్పుకుంటాం.)

“పత్రంలో అజాగ్రత్త అని స్పష్టంగా ఉంది,” అన్నారు డాక్టర్ గారు ఎంతో దయగా. “కార్మికుని సంతకం ఒక్కటే లోటు. మేడమ్, మీరు ఎనిమిదో ఫారం మీద ‘నా చెయ్యి జారినది’ అని సంతకం చేస్తే చాలు. ఆరువందల పన్నెండో నెంబరు ఖాయం. సెప్టెంబరు ప్రదర్శనలో మధ్య బల్ల మీద పెడతాం.”

“నా చెయ్యి జారలేదు.”

“నియమం కోసం మేడమ్.”

“నియమం కోసం కూడా జారలేదు,” అంది వెర్నా, పర్సు తీసుకుంటూ. “పొయ్యి మీద సూప్ పెట్టి వచ్చాను, నన్ను ఇంటి దగ్గర దింపు నాయనా.”

తర్వాతి మూడు వారాల్లో డ్వైట్ రోజుకు రెండుసార్లు ఫోన్ చేసేవాడు. ఒకసారి ఆమెను ఒప్పించమని, ఒకసారి ఒప్పించొద్దని. ‘ప్లమ్మర్ భేదం’ అని ఒక కార్డు మీద అందంగా రాయించి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఫ్రిజ్ తలుపుకు అంటించాడు. ఫారం గడువు ముగిసే రోజు దగ్గర పడింది. సాక్షి లేకుండా ఎనిమిదో ఫారం చెల్లదు కనుక నేనూ వెళ్ళాను.

వెర్నా మమ్మల్ని చూడగానే కళ్ళజోడు వెతుక్కుంది.

“ఇటివ్వు.”

“దేన్ని?” అన్నాడు డ్వైట్.

“ఆ కాగితాన్ని. నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నాను. ఎనభై నాలుగేళ్ళు వచ్చాయి నాకు, ఇంక నన్ను ఏ గదికి పంపుతారు? నీ మొహం చూస్తే జాలేస్తోంది. కుక్క పేరుంది, నీ పేరు లేదని ఊరంతా చెప్పుకుంటున్నారు. ఎక్కడ పెట్టాలి సంతకం?”

డ్వైట్ ఫారం పరిచాడు. జేబులోంచి పెన్ను తీశాడు. ఆమె పెన్ను అందుకుంది. చుక్కల గీత ఎక్కడుందో వేలితో వెతికింది. నాలుగు చీలల తలలు గుడ్డిగా గుర్తుపట్టిన ఆ వేలు, గీత మీద మాత్రం కొంచెం తడబడింది. నేను సాక్షిని గనుక చూస్తున్నాను. ఆమె మొదటి అక్షరం మొదలుపెట్టేలోపు డ్వైట్ పెన్ను లాగేసుకున్నాడు.

“ఏమైందయ్యా?”

“వద్దండీ.”

“ఇస్తానంటుంటే వద్దంటావేం? పిచ్చా?”

“ఎనభై ఒకటిలో నా బస్సు బ్రేకులు సరిగా పడటంలేదని మూడుసార్లు రాసిచ్చాను,” అన్నాడు డ్వైట్, బల్ల వైపు చూస్తూ. “నాలుగోసారి బస్సు గుంటలో దిగింది. పిల్లలెవరికీ ఏం కాలేదు, దేవుడి దయ. నా ఫైల్లో ఏం రాశారో తెలుసా? అజాగ్రత్త. నేను సంతకం పెట్టాను. ఉద్యోగం పోతుందని పెట్టాను. మీరు ఇరవై మూడేళ్ళ వయసులో పెట్టలేదు. ఇప్పుడు నా కోసం పెడతారా?”

వెర్నా ఫారాన్ని మడిచి ఆయన వైపు నెట్టింది.

“మరి నీ కార్డు?”

“ఫ్రిజ్ మీద బాగానే ఉంది.”

అక్కడి నుంచి నేరుగా డాక్టర్ త్రష్ ఇంటికి వెళ్ళాం. క్లినిక్ అమ్మేసినా, పాత ఎక్స్‌రే మెషీన్ అమ్మడానికి మనసొప్పక ఆయన నేలమాళిగలో ఉంచుకున్నారని ఊరందరికీ తెలుసు. డ్వైట్ తనదీ, వెర్నాను అడిగి తెచ్చినదీ రెండు చాకులూ బల్ల మీద పెట్టాడు.

“లోపల రంధ్రం ఎలా ఉందో చూడండి డాక్టర్ గారూ. చెయ్యి జారిందో, యంత్రం జారిందో అదే చెబుతుంది.”

“పంతొమ్మిదో నియమం తెలుసుగా నీకు?”

“కంఠతా వచ్చు.”

డాక్టర్ గారి ముఖంలో పదేళ్ళు తగ్గాయి. మెషీన్ మీద గుడ్డ తీశారు. మా ఇద్దరికీ సీసపు ఏప్రన్లు తొడిగించారు. చాకును మెత్తటి దిండు మీద పడుకోబెట్టి, “అస్సలు నొప్పి ఉండదు,” అన్నారు, అలవాటు కొద్దీ. ఫిల్ములు కడిగి, దీపం ముందు పక్కపక్కనే తగిలించి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

నాలుగో చీల వెనక రంధ్రం గుండ్రంగా లేదు. కోడిగుడ్డులా సాగి, ఒక పక్కకు వాలి ఉంది. రెండు చాకుల్లోనూ అదే వాలు.

“పళ్ళలో అయితే దీన్ని అరుగుదల అంటాం,” అన్నారు చివరికి. “చెయ్యి వణికితే ఒక్కో చాకులో ఒక్కోలా పోవాలి. రెండూ అచ్చు గుద్దినట్టు ఒకే వంకర. మనిషి చెయ్యి ఇంత క్రమశిక్షణగా తప్పు చేయదు డ్వైట్.” కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఆమె మూడుసార్లు చెప్పానంది కదూ?”

“మూడుసార్లు.”

“నేనిది రాస్తే నీ చాకు దేనికీ కొరగాదు. కావాలంటే ఈ ఫిల్ములు... నేను ముసలాణ్ణి, ఎక్కడ పెట్టానో మర్చిపోగలను.”

ఆ మాట అనగలరని నేను అనుకోలేదు. నియమావళి రాసిన మనిషి ఆయన.

“రాయండి డాక్టర్ గారూ,” అన్నాడు డ్వైట్. “ఆవిడ విషయంలో ఇంకెవరూ ఏదీ మర్చిపోకూడదు.”

ఆగస్టు సమావేశంలో తీర్పు వచ్చింది. ముగ్గురూ ఏకగ్రీవం. డ్వైట్ చేప వేపుడు రెండోసారి వడ్డించుకుని తిన్నాడు గానీ, పట్టీ ఐదో ముద్రణ గురించి చర్చ మొదలైనప్పుడు లేచి బయట కారు దగ్గర నిలబడ్డాడు. అక్కడికి వెళ్ళి ఏమైనా చెబుదామనుకున్నాను. ఏం చెప్పాలో ఏ ఫారంలోనూ లేదు.

నియమం ప్రకారం తీర్పు ప్రతిని కార్యదర్శి స్వయంగా అందజేయాలి. మర్నాడు ఉదయం మిల్లు వీధికి వెళ్ళాను. వెర్నాకు కళ్ళజోడు కనబడలేదు, చదవమంది. నేను నిలబడి చదివాను.

“శ్రీమతి వెర్నా హోల్మ్‌క్విస్ట్ గారికి. పంతొమ్మిది వందల అరవై రెండు మార్చి నెలలో మీరు ఏ తప్పూ చేయలేదని కమిటీ సమగ్ర విచారణలో నిర్ధారించింది. కావున మీ చాకుకు ఎటువంటి ప్రాముఖ్యమూ లేదని తెలియజేయుటకు చింతిస్తున్నాము.”

“మళ్ళీ చదువు.”

చదివాను. కింది వాక్యం దగ్గరికి రాగానే చెయ్యి అడ్డం పెట్టింది.

“అది కాదు, పైదే. పైదే ఇంకోసారి.”

పైదే మూడోసారి చదివాను. ఆమె కాగితం తీసుకుని బిస్కెట్ల డబ్బాలో, పాత కాగితం మీద పెట్టింది. మూత పెట్టాక దాని మీద అరచెయ్యి ఆనించింది.

“ఎవరు సంతకం చేశారు?”

“డాక్టర్ త్రష్.”

“ఆయన గార్‌బ్రాండ్‌లో పనిచేశాడా?”

“లేదండీ. పళ్ళ డాక్టరు.”

“ఫరవాలేదు,” అంది వెర్నా. “చెప్పారు కదా ఎవరో ఒకరు.” ముక్కు చీదుకుని, డ్వైట్ కోసమని యాలకుల రొట్టె ఒక గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. వారం వారం వచ్చి తీసుకెళ్ళమని చెప్పమంది. ఆయన ఇప్పటికీ వెళ్తున్నాడు. ఆమెకు బీన్స్ తుంచి పెడుతున్నాడని విన్నాను.

ఇంటికొచ్చి ఫైలు మూసే ముందు పదకొండో నెంబరు ఫారం నింపాను. ‘ఈ విచారణ వల్ల లబ్ధి పొందిన సభ్యుల సంఖ్య’ అని అందులో చివరి గడి. ఆలోచించి, సున్నా వేశాను. వెర్నా మా సభ్యురాలు కాదు.